స్వామికి సెలవు లేదు, నాకు మూడు నెలలు

మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక అర్చకత్వం మానుకున్నాను. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. శివుడి ముందు ఈ రెండు పనులూ పూటకు ఎన్నిసార్లు చేయాలో ఈ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర లేదు. ఇప్పుడు తీరిక దొరికింది కనుక, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

మంత్రాలు మీకు పాఠశాలలో చెప్పే ఉంటారు. జీతాలు, హోదాలు, ఏ గుళ్ళో పళ్ళెం బరువు, ఏ గుళ్ళో తేలిక, ఇవన్నీ మీరే నాకంటే త్వరగా కనుక్కుంటారు. పాఠశాలలో చెప్పనిది ఒకటుంది. గుడిని వదిలి వెళ్ళడం ఎలా, మళ్ళీ తిరిగి రావడం ఎలా అన్నది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం, నేను గుళ్ళో లేని మూడు నెలల్లో నేర్చుకున్నదే. మరి ఉన్నన్నాళ్ళూ ఏం చేశావు అని అడక్కండి. గంట కొట్టాను.

రెండు విమానాల కింద

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడే నన్ను ఆ గుడికి తీసుకువచ్చారు. చిన్న శివాలయం. ఊరివాళ్ళ తాతలు కట్టుకున్నది. గర్భగుడి, ముందు నాలుగు రాతి స్తంభాల మండపం, పక్కన నీళ్ళ తొట్టి, అంతే. ఊరి పొలాలు కొన్ని విమానాశ్రయంలో కలిశాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. ఆ ప్లాట్లలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఇళ్ళు కట్టుకున్నాయి. ఆ కాలనీవాళ్ళు, ఊరివాళ్ళు కలిసి కమిటీ వేసుకుని గుడికి సున్నం కొట్టించి, చిన్న గోపురం లేపి, మాది గోదావరి వైపు కనుక కాలనీవాళ్ళ చుట్టరికాల ద్వారా నన్ను కుదిర్చారు. గుడి వెనక రెండు గదుల ఇల్లు ఇచ్చారు. గర్భగుడి మీద ఉన్నదాన్నీ విమానమే అంటాం కదా, అది కదలదు. దాని మీదుగా వెళ్ళే విమానం ఆగదు. అది వెళ్ళేదాకా నేను మంత్రం ఆపి, చప్పుడు తగ్గాక అందుకునేవాణ్ణి. శివుడికి అలవాటైపోయింది.

కమిటీ ప్రెసిడెంటు సుబ్బారావు గారు. కాటేదాన్‌లో స్టీలు సామాను చేసే చిన్న కార్ఖానా ఆయనది. మాట మెత్తన, పట్టు గట్టిది. ఊరి తరఫున పెద్ద యాదయ్య, రైతు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతాడు, అందుకని ఎప్పుడు తిట్టాడో మనకు ఇంటికి వెళ్ళాక తెలుస్తుంది. యాదయ్యకు వరసకు అక్క సత్తెమ్మ. తన చేనుగట్టు మీద బంతి, గన్నేరు పెంచి రోజూ గుడికి పూలు తెచ్చేది.

నేను చేరిన కొత్తలో చూసిన సంగతి ఒకటి చెప్పాలి. పొద్దున్నే చేనుకు పోతూ ఊరివాళ్ళు తొట్టిలో చెంబు ముంచి, తిన్నగా లోపలికి వెళ్ళి, లింగం మీద నీళ్ళు పోసి, "సామీ, సల్లగ చూడు" అనేసి పోయేవాళ్ళు. మా వైపు గర్భగుడిలోకి అర్చకుడు తప్ప ఎవరూ వెళ్ళరు. నాకు గుండె ఆగినంత పనైంది. "శాస్త్రం ఒప్పుకోదు" అన్నాను కమిటీతో. సుబ్బారావు గారు మర్నాడే కొలతలు తీసుకుని, తన కార్ఖానాలోనే తళతళలాడే స్టీలు రెయిలింగు చేయించి గడప ముందు బిగించారు. ఊరివాళ్ళు ఏమీ అనలేదు. రెయిలింగు అవతల నుంచి దండం పెట్టి పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు మండపం మెట్ల దగ్గర నుంచే దండం పెట్టారు. తర్వాత రోడ్డు మీద నుంచే. రైతులు కదా, తీరిక ఉండదు అనుకున్నాను. మనం అనుకోదలుచుకున్నప్పుడు కారణాలు భలే దొరుకుతాయి.

పై ఇంటి లక్ష్మి

నన్ను సెలవు మీద పంపడానికి కారణమైన ఉదంతం ఇది. వినండి, నవ్వుకోండి, మీకు జరగకుండా చూసుకోండి.

ఆ రోజుల్లో విమానాశ్రయం రోడ్డు వెంట అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ముహూర్తాల కాలంలో ఒకే తెల్లవారుఝామున రెండు మూడు గృహప్రవేశాలు ఒప్పుకునేవాణ్ణి. గుళ్ళో పూజ ముగించి, బండెక్కి, ఒక ఇంట్లో పాలు పొంగీ పొంగకముందే ఇంకో ఇంటికి పరుగు. ఒకరోజు ఒకే భవనంలో మూడో అంతస్తులో ఒకటి, రెండో అంతస్తులో ఇంకొకటి. పైన ముగించి కింద కూర్చున్నాను. సంకల్పం చెప్పాను, వ్రతం చేయించాను, కథ చెప్పాను, అంతా దివ్యంగా సాగింది. ఆశీర్వచనం దగ్గర పేర్లు చదువుతుంటే ఇంటాయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"శాస్త్రి గారూ, తప్పుగా అనుకోకండి. లక్ష్మి మా ఆవిడ కాదండీ. పై ఇంటి వాళ్ళావిడ."

గోత్రం నుంచి పిల్లల పేర్ల దాకా పొద్దుటి నుంచీ పైవాళ్ళవే చెప్పానన్నమాట. కింది ఇంట్లో ఖర్చు, పై ఇంటికి పుణ్యం. నేను నోరు తెరిచే లోపు ఇంటావిడ నావైపు కాదు, భర్త వైపు తిరిగింది.

"పై ఇంటావిడ పేరు మీకెలా తెలుసు?"

ఆ ప్రశ్నకు ఏ శాంతీ లేదు. మళ్ళీ మొదటి నుంచి సంకల్పం చెప్పి వ్రతం చేయించి బయటపడేసరికి మధ్యాహ్నమైంది. ఆ కథ నాకంటే ముందు కాలనీకి చేరింది. సాయంత్రం సుబ్బారావు గారు అరుగు మీద కూర్చుని, నవ్వకుండా అడిగారు.

"శాస్త్రి గారూ, మా ఇంటి గోత్రం ఏమిటండీ?"

ఆయన ఇంట్లో ఏటా రెండు వ్రతాలు చేయిస్తాను. నాకు గుర్తు రాలేదు. గోత్రం పోతే పోయింది, ఆయన మనవడి అన్నప్రాసన చేయించింది పోయిన నెలలోనే అన్నదీ గుర్తు రాలేదు. ఎవరింట్లో కూర్చున్నానో తెలియకుండా ఎన్నాళ్ళ నుంచి కూర్చుంటున్నానో అప్పుడు తట్టింది. నోరు మంత్రాల్లో ఉంది, మనసు బండి మీద ఉంది.

"మీకు విశ్రాంతి కావాలండీ," అన్నారాయన. "మా కార్ఖానాలో మిషను ఇలా వేడెక్కితే ఆపేస్తాం. మూడు నెలలు సెలవు తీసుకోండి. జీతం ఆపం. కానీ ఒక షరతు. ఇక్కడ ఉండకూడదు. మీరు ఇక్కడే ఉంటే అది సెలవు కాదు, ఆపని మిషనే."

యాదయ్య అక్కడే ఉన్నాడు. "పో పంతులూ, పోయి రా," అన్నాడు. "దేవుడు యాడికి పోడు. నువ్వు బిగించిన కటకటాలు ఉన్నయి కద, పోదామన్నా పోరాదు."

ఇంటికి వెళ్ళాక గాని అందులోని తిట్టు నాకు అర్థం కాలేదు.

ఎవరిని పెట్టి వెళ్ళాలి

ఆషాఢంలో కొత్త అల్లుడికి అత్తవారింటి దారి ఉండదు, పురోహితుడికి పెళ్ళివారింటి దారి ఉండదు. కనుక ఆషాఢంలో బయలుదేరి భాద్రపదం చివరికి తిరిగి రావాలని నిర్ణయించాను. సన్యాసులు చాతుర్మాస్యానికి ఒకచోట కదలకుండా కూర్చుంటారు. నేను సంసారిని కనుక ఆ కాలంలో కూర్చున్నచోటు నుంచి కదిలాను.

ప్రత్యామ్నాయంగా విశ్వనాథం అనే కుర్ర అర్చకుణ్ణి పెట్టాను. ఆరాంఘర్ అవతల ఒక గుళ్ళో చేసేవాడు. అక్కడ సాయంత్రం పూజ తప్పదు కనుక మా గుడికి పొద్దున మాత్రమే రాగలనన్నాడు. సాయంత్రం గడప బయట దీపం పెట్టే సంగతి కమిటీ చూసుకుంటుందన్నారు. నిజం చెప్పాలంటే, గొంతు బాగా ఉన్నవాడు ఇంకొకడు దొరికాడు. పూర్తి సమయం ఉంటానన్నాడు కూడా. వాణ్ణి కాదని విశ్వనాథాన్ని ఎంచుకున్నాను. నేను తిరిగి వచ్చేసరికి జనం నన్నే తలుచుకుంటూ ఉండాలి కదా. మీరు ఆ పని చేయకండి. మీకంటే బాగా చేసేవాణ్ణే పెట్టి వెళ్ళండి. మీ చోటు పోతుందని భయమైతే, అసలు అది మీ చోటు కాదేమో ఆలోచించండి.

వెళ్ళేముందు సుబ్బారావు గారికి ఒక్కమాట గట్టిగా చెప్పాను. "ఏం జరిగినా సరే, గడప లోపలికి ఎవరినీ వెళ్ళనివ్వకండి."

"నేనున్నాను కదండీ," అన్నారాయన.

పాత బెంచీ

మా ఆవిడా నేనూ గోదావరి ఒడ్డున మా గురువుగారి పాఠశాలకు వెళ్ళాం. ఆవిడకూ సెలవు కావాలి. ఏళ్ళ తరబడి నైవేద్యాలు వండిన చెయ్యి అది. ప్రసాదం బాగుందన్నవాళ్ళు నాకు దండం పెట్టి వెళ్ళేవారు.

గురువుగారు పెద్దవారైపోయారు. నన్ను చూసి, "ఏరా, ఎందుకొచ్చావు?" అన్నారు.

"మళ్ళీ చదువుకుందామని."

"అప్పుడే అయిపోయిందా, నేను చెప్పింది?"

పిల్లల వరసలో కూర్చోబెట్టారు. ఏళ్ళుగా నేను రోజూ చెబుతున్న నమకంలో స్వరాలు ఎన్ని జారిపోయాయో ఒక్క పూటలో తేలింది. విమానం చప్పుడుకు ఆపి అందుకునే చోట్ల నేను సొంతంగా ఒక ఊపు కలిపాను. అది ఏ శాఖలోనూ లేదు. "ఇది ఏ పాఠంరా?" అన్నారు గురువుగారు. "శంషాబాద్ పాఠం అండీ," అన్నాను. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. మళ్ళీ మొదటి పనస నుంచి, అంటే మంత్రపాఠం మొదటి భాగం నుంచి, చెప్పించారు.

ఫోను వాడకూడదని ఆయన నియమం. నా ఫోను వంటింట్లో మా ఆవిడ దగ్గర ఉండేది. మొదటి పదిరోజులు చెయ్యి జేబు దగ్గరికి పోయేది. తర్వాత హాయిగా నిద్ర పట్టింది. ఎవరి గృహప్రవేశమో అడక్కుండా తెల్లవారడం ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది.

నీళ్ళు పడని పొద్దు

శ్రావణమాసంలో ఒక సోమవారం. పాఠం మధ్యలో మా ఆవిడ ఫోను పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఆవిడ అలా ఊరికే రాదు. గురువుగారు తల ఊపారు. ఫోను అందుకున్నాను.

"శాస్త్రి గారూ, సుబ్బారావుని. ఇక్కడ పరిస్థితి బాగాలేదండీ."

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఆ రోజు బంద్. ఆరాంఘర్ దగ్గర రోడ్డు మూసేశారు. విశ్వనాథం పొద్దున్నే బయలుదేరి దారిలో చిక్కుకుని వెనక్కి పోయాడు. పొద్దు నడినెత్తికి వస్తోంది. శ్రావణ సోమవారం, స్వామి మీద చుక్క నీరు పడలేదు. కాలనీవాళ్ళు పాలపాకెట్లు పట్టుకుని రెయిలింగు బయట ఎదురుచూస్తున్నారు. ఎవరూ గడప దాటే ధైర్యం చేయలేదు. అంతలో పూలబుట్టతో సత్తెమ్మ వచ్చింది.

"దేవునికి ఇంక తానం పొయ్యలేదా?" అందట.

"పంతులు గారు రాలేదమ్మా."

"పంతులు రాకుంటే దేవుడు ఎండాలెనా? జరుగు, నేను పోస్త."

"లోపలికి వెళ్ళకూడదమ్మా," అని సుబ్బారావు గారు అడ్డం నిలబడ్డారు.

"అయితే నువ్వు పో."

"నాకూ అర్హత లేదు."

"మరి ఎవరికున్నది?"

ఆ ప్రశ్నను నాకు అప్పజెప్పడానికి సుబ్బారావు గారు ఫోను చేశారు. ఈలోగా యాదయ్య ఊరి నుంచి పదిమందితో వచ్చాడు. బయట ఆ రోజుల్లో పేపర్ల నిండా మీరెవరు, మేమెవరు అన్న మాటలే. గుళ్ళో అప్పటిదాకా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రెయిలింగు ముందు ఒక పక్క కాలనీ, ఒక పక్క ఊరు నిలబడిన ఆ పూట, ఎత్తకుండానే ఆ మాట అక్కడ నిలబడి ఉంది. యాదయ్య గొంతు నాకు ఫోనులో వినిపిస్తోంది. ఈసారి నవ్వు లేదు.

"పంతుల్ని అడుగు సారూ. ఇయ్యాల నీళ్ళు పడకుంటే రేపటి సంది మా దిక్కు మేం చూసుకుంటం. ఊరి బయట ఇంకో రాయి దొరకదా మాకు? మీ గుడి మీరే ఉంచుకోండ్రి."

"విన్నారు కదండీ," అన్నారు సుబ్బారావు గారు. "మీరే కదా ఎవరినీ వెళ్ళనివ్వద్దన్నారు. ఏం చేయమంటారు?"

రెండు నిమిషాలు ఆగమన్నాను. ఆ రెండు నిమిషాలు నాలో ఏం తిరిగిందో మీకు దాచకుండా చెబుతాను. నా భయం దేవుడి గురించి కాదు. వద్దంటే ఊరు విడిపోతుంది. సరే అంటే, అందరూ లోపలికి వెళ్ళగలిగిన గుళ్ళో నేను లోపల ఉండడానికి కారణం ఏముంటుంది? ఆ రెండు గదుల ఇల్లు, ఆ జీతం, ఆ 'శాస్త్రి గారూ' అన్న పిలుపు, అన్నీ ఆ రెయిలింగుకే వేలాడుతున్నట్టు అనిపించింది.

గురువుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన పిల్లల పాఠం ఆపలేదు. వింటూనే అడిగారు.

"ఆ గుడి ఎవరు కట్టారు?"

"ఊరివాళ్ళ తాతలండీ."

"నువ్వు రాకముందు నీళ్ళెవరు పోసేవారు?"

"ఎవరికి వాళ్ళే."

"ఎవరాపారు?"

"నేనేనండీ."

"శాస్త్రమా?"

"మన వైపు ఆచారమండీ."

"మన వైపు గుళ్ళో మన వైపు ఆచారం. వాళ్ళ గుళ్ళో వాళ్ళది. దేశాచారం అని ధర్మశాస్త్రంలో ఒక మాట ఉంది, నీకు నేనే చెప్పాను. పరీక్షలో బాగా రాశావు కూడా." ఒక పిల్లవాడి స్వరం దిద్ది, మళ్ళీ నావైపు తిరిగారు. "రాసింది మరిచిపోయి, రాయనిది శాస్త్రమన్నావు. ఆ ఫోనులో వాళ్ళని నిలబెట్టి ఇక్కడ నిలబడ్డావేం?"

ఫోను తీసుకున్నాను.

"సుబ్బారావు గారూ, రెయిలింగు తీయండి. ముందు సత్తెమ్మ గారిని పోయనివ్వండి. తర్వాత మీరు పోయండి."

"నేనా?"

"మీరే."

"నాకు మంత్రాలు రావు కదండీ."

వెనక నుంచి యాదయ్య అందుకున్నాడు. "నీళ్ళకు మాత్రం వచ్చునా సారూ? కిందికి పోస్తే పోతలేవా?"

ఎవరో నవ్వారు. సుబ్బారావు గారు ఫోను కట్టేయడం మరిచి జేబులో వేసుకున్నట్టున్నారు. నాకు అంతా వినబడింది. స్టీలు కీచుమంది. తొట్టిలో చెంబు మునిగింది. "సామీ, సల్లగ చూడు" అని సత్తెమ్మ గొంతు. నీళ్ళు పడిన చప్పుడు. ఆ తర్వాత ఇంకొక చెంబు, ఈసారి సన్నగా, ఆగి ఆగి పడిన ధార. ఎవరి చెయ్యో నాకు తెలుసు. గుడి గోపురానికీ, సున్నానికీ, రెయిలింగుకూ తిరిగిన మనిషి అంతవరకు ఆ లింగాన్ని తాకి ఎరగడు.

బయట కాలనీవాళ్ళలో ఒకాయన పుస్తకం తెరిచి నమకం మొదలుపెట్టారు. మూడో వాక్యంలోనే రెండు తప్పులు. నా నాలుక దురద ఆపుకోలేక, "అక్కడ దీర్ఘం..." అన్నాను ఫోనులోకి.

గురువుగారు లేచి వచ్చి, నా చేతిలోంచి ఫోను తీసుకుని కట్టేసి, మా ఆవిడకు ఇచ్చేశారు.

"సెలవులో ఉన్నావు," అన్నారు.

వంతులు

ఇక్కడి నుంచి నేను చెప్పేది విన్నదే, చూసింది కాదు. ఆ సోమవారం తర్వాత వాళ్ళు నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు. పొద్దున విశ్వనాథం అభిషేకం ముగిశాక ఎవరైనా చెంబుతో లోపలికి వెళ్ళి నీళ్ళు పోయవచ్చు. సాయంత్రం దీపం వంతులవారీగా, ఒకనాడు ఊరి ఇల్లు, ఒకనాడు కాలనీ ఇల్లు. ఎవరి వంతు నాడు వాళ్ళే ఊడ్చి, దీపం పెట్టి, ప్రసాదం తేవాలి. కాలనీ వంతు నాడు పులిహోర, ఊరి వంతు నాడు బెల్లపన్నం. ఎవరి వంతో గోడకు రాసి పెట్టనక్కర లేదు, గుడి దగ్గరికి వస్తే వాసనే చెప్పేది.

మొదటి వంతు సుబ్బారావు గారిదే. ఆయన వత్తి చేసుకొస్తే యాదయ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడట.

"ఏంది సారూ ఇది, వత్తా? దీంతో బర్రెను కట్టేయొచ్చు."

"మీరు చేసి చూపించండి మరి."

"నాకెట్ల వస్తది? మా అక్కను అడుగు."

సత్తెమ్మ ఆయన్ని మండపంలో కూర్చోబెట్టి, తొడ మీద పత్తి పరిచి వత్తి చేయడం నేర్పింది. కార్ఖానాలో సన్నపు తీగలు లాగించే మనిషికి పత్తి లొంగడానికి నాలుగు వంతులు పట్టిందట. గొడవలు రాలేదని కాదు. ఒకనాడు వంతు మరిచిపోయిన ఇంటివాళ్ళను రెండో రోజు మిగతావాళ్ళు ఉతికి ఆరేశారు. పుస్తకం పట్టుకుని నమకం చదివే ఆయనకు, విశ్వనాథానికి ఒక పదం మీద పేచీ వచ్చింది. తీరా చూస్తే పదం ఇద్దరికీ రాదు. అయినా దీపం ఒక్క పూట ఆగలేదు.

నా వీపు

పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, ముందు రోజు సాయంత్రం తిరిగి వచ్చాను. మా ఆవిడ ఇంటి తాళం తీస్తుంటే నేను సంచి అరుగు మీద పడేసి గుడివైపు నడిచాను. మూడు నెలలు క్షవరం లేదు, గడ్డం తెల్లగా పెరిగింది. మండపం మెట్ల మీద సత్తెమ్మ మర్నాటి ఎంగిలిపూల బతుకమ్మకు గునుగు, తంగేడు వేరు చేస్తోంది.

"జర జరుగయ్యా, పూలు తొక్కుతవు," అంది తలెత్తకుండానే.

జరిగాను. లోపల యాదయ్య దీపం పెడుతున్నాడు. గుడి నిండా జనం. ఇంతమంది ఊరివాళ్ళు ఈ గుడికి వస్తారని నాకు అంతవరకు తెలియదు. రెయిలింగు ఉన్నచోట ఏమీ లేదు. పక్కన గోడవారగా స్టీలు స్టాండు ఒకటి, దాని మీద చెంబులు బోర్లించి ఉన్నాయి. తళతళ చూసి గుర్తుపట్టాను. సుబ్బారావు గారు రెయిలింగును కార్ఖానాకు తీసుకుపోయి చెంబుల స్టాండు చేయించారు.

యాదయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "వచ్చినవా పంతులూ. ఇయ్యాల మా వంతు. కూసో. రేపు పొద్దుగాల నీ వంతు."

కూర్చున్నాను. ఆ గుళ్ళో గడప బయట కూర్చోవడం నాకు అదే మొదటిసారి. దీపం వెలుగులో లింగం నిండుగా కనిపించింది. యాదయ్య దీపం పెట్టి పక్కకు తప్పుకుని గోడకు ఆనుకున్నాడు, అందుకని. నేను ఎప్పుడూ మధ్యలో కూర్చునేవాణ్ణి. అన్నేళ్ళు ఆ జనానికి శివుడంటే ఎక్కువ భాగం నా వీపే. అది ఎంత వెడల్పో మా ఆవిడ ఎప్పుడూ చెబుతూనే ఉంది, నేను వేరే అర్థంలో తీసుకున్నాను.

హారతి అయ్యాక సుబ్బారావు గారు వచ్చి పక్కన కూర్చున్నారు. మనసులో ఉన్నది అడిగేశాను.

"అన్నీ మీరే నడుపుకుంటున్నారు. ఇక నాతో ఏం పనండీ?"

ఆయన జవాబు చెప్పే లోపు సత్తెమ్మ పూలబుట్ట పక్కన పెట్టింది. "పంతులా నువ్వు? గడ్డంల గుర్తే పట్టలే. మంచిగ దొరికినవ్. మనవరాలు పుట్టి నెల దాటింది, పేరు పెట్టలే. నీ కోసమే ఆపినం."

"విశ్వనాథం గారు ఉన్నారు కదమ్మా?"

"ఆయన మంచోడే. గని మా ఇంటి ముచ్చట ఆయనకేం తెల్సు? మా ఆయన పోయిన్నాడు వచ్చి దినాలన్నీ చేయించినోనివి నువ్వు. పిల్లకు ఆయన పేరు గలవాలె. ఆయన పేరు యాదికున్నదా?"

"మల్లయ్య గారు," అన్నాను. ఈసారి తడుముకోలేదు.

సుబ్బారావు గారు నవ్వారు. "మీ ప్రశ్నకు జవాబు వచ్చింది కదండీ," అన్నారు.

పిల్లకు మల్లిక అని పేరు పెట్టాం. సంకల్పం మొదలుపెడుతుంటే సత్తెమ్మ, "జర చూసి చెప్పు పంతులూ. మాది శివగోత్రం. మా ఇంటి మీద ఇంకో అంతస్తు లేదు, గుడిసె మీద ఆకాశమే," అంది. ఆ కథ ఊరికీ చేరిందన్నమాట.

కనుక నా అభిప్రాయం ఇది. మంత్రం ఎవరైనా నేర్చుకోగలరు. నీళ్ళు పోయడం ఎవరికీ నేర్పనక్కర లేదు. ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరి పేరు ఎవరికి కలవాలో గుర్తుంచుకునే మనిషి ఒకడు ఊరికి కావాలి. మన ఉద్యోగం అది. అది మరిచిపోతున్నామని అనిపించిన రోజున సెలవు అడగండి. ఇస్తే పూర్తిగా వెళ్ళండి. ఫోను మీ ఆవిడకు ఇచ్చేయండి. మీరు లేకపోయినా నడిచిందని విన్నప్పుడు ముందు ఆ మాట కొంచెం అరగదు. వాము నమలండి, అరుగుతుంది.

మోకాళ్ళు పోయాక కమిటీ ఆ దగ్గరలోనే మాకు ఇల్లు చూసింది. సాయంత్రపు దీపం ఇప్పటికీ వంతులే. ఇళ్ళు పెరిగాయి కనుక వంతు రావడానికి చాలా రోజులు పడుతుంది. మాకూ ఒక వంతు ఇచ్చారు. వత్తులు సుబ్బారావు గారు చేసి పంపిస్తారు. ఇప్పుడు ఆయన వత్తులకు ఊళ్ళో పేరు. మా ఆవిడ పులిహోర పట్టుకుంటుంది, నేను కర్ర పట్టుకుంటాను. గడప దాటి లోపలికి వంగడం నాకు కుదరదు. గడప మీదే దీపం పెట్టి నిలబడతాను. లోపల ఉండే కొత్త అర్చకుడు కుర్రవాడు, గొంతు బాగుంటుంది, నాకంటే స్వరం శుద్ధం. నేను దండం పెట్టేవేళకు అతను ఒక పక్కకు జరుగుతాడు. నేను ఎప్పుడూ అడగలేదు. తనే జరుగుతాడు.